స్నూకర్ బంతులను ఇంట్లోనే కడిగి మెరుగు పెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, ఘుగ్గూస్, రాజురా వైపు స్నూకర్ ఆడే తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా బంతుల గురించి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. బంతుల డబ్బాలో సూచనల కాగితం ఉన్నా, అది చల్లటి దేశంలో దుమ్ము లేని గదిని మనసులో పెట్టుకుని రాసినది. మన చుట్టూ బొగ్గు గనులున్నాయి, థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ ఉంది, బకెట్‌కు తెల్లటి పొర కట్టే బోరు నీళ్లున్నాయి. ఇక్కడి ఇళ్లలో ఆట వల్ల పాడైన బంతుల కంటే, మంచి ఉద్దేశంతోనే అయినా తప్పుగా రుద్ది పాడుచేసినవే ఎక్కువగా నా కంటపడుతున్నాయి. ఈ ప్రశ్నలను ఒకచోట చేర్చడానికి అదే కారణం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కడగడానికి ముందు

బంతులు చూడడానికి బాగానే ఉన్నాయి. మురికి పట్టాయో లేదో ఎలా తెలుస్తుంది?

తెల్ల బంతిని ట్యూబ్‌లైటు కింద పట్టుకుని మెల్లగా తిప్పండి. లైటు ప్రతిబింబం బంతి మీద సన్నటి తెల్లగీతలా పడుతుంది. ఆ గీత అంచులు చెదరకుండా ఉంటే పైపొర శుభ్రంగా ఉన్నట్టు. గీత మసకబారిన చోటల్లా ఏదో పేరుకుందని అర్థం. ఆ తర్వాత తడిపి పిండిన తెల్లటి నూలు గుడ్డను బంతికి అద్ది చూడండి. గుడ్డకు అంటిన రంగే విషయం చెబుతుంది. నీలం లేదా ఆకుపచ్చ అయితే క్యూ (బంతిని కొట్టే కర్ర) కొసకు పూసే చాక్, నల్లగా ఉంటే బొగ్గు పొడి, బూడిద రంగైతే థర్మల్ కేంద్రం నుంచి గాలిలో వచ్చే బూడిద. గోధుమరంగు జిడ్డు చేతులది. ఎర్ర బంతుల మీద మురికి కంటికి ఆనదు కాబట్టి వాటిని చూపుతో కాకుండా గుడ్డతోనే పరీక్షించాలి.

మురికి వల్ల ఆటలో నిజంగా తేడా వస్తుందా? లేక అందం కోసమేనా?

తేడా వస్తుంది, అదీ ఆట తెలిసినవాళ్లకు స్పష్టంగా తెలిసేంత. రెండు బంతులు తాకేది చాలా చిన్న బిందువు దగ్గర, అదీ లిప్తపాటు. సరిగ్గా ఆ బిందువులో చాక్ రేణువు ఇరుక్కుంటే బంతులు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టవుతుంది. తగిలిన బంతి కాస్త ఎగిరి, వేగం కోల్పోయి, దారి తప్పుతుంది. ఆటగాళ్లు దీన్నే ‘కిక్’ అంటారు. టీవీలో పెద్ద ఆటగాళ్లు కూడా ఒక్కోసారి సులువైన బంతిని పోగొట్టుకుని బంతి వైపే చూస్తూ నిలబడిపోయేది ఇందుకే.

కిక్ రాకపోయినా మురికి పొర బంతుల మధ్య రాపిడిని పెంచుతుంది. పలుచగా, అంటే అంచుకే తాకేలా, తగిలించిన దెబ్బలో రంగు బంతి మనం గురిపెట్టినంత పక్కకు పోకుండా, తెల్ల బంతి కదిలే వైపుకు కొద్దిగా లాగబడుతుంది. పాకెట్ అంచుకు తగిలి బయటికి వచ్చిన బంతులన్నిటికీ మీ గురే కారణం కాకపోవచ్చు.

నా బంతులు దేనితో చేసినవో తెలియదు. ఎలా తెలుసుకోవాలి?

ముందు డబ్బా మీద చూడండి. మంచి సెట్లు ఫినాలిక్ రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు. బెల్జియంలో తయారయ్యే అరామిత్ బంతులు ఈ రకమే. తక్కువ ధరకు వచ్చేవి ఎక్కువగా పాలియెస్టర్. డబ్బా పోయి ఉంటే రెండు బంతులను చేతుల్లో పట్టుకుని మెల్లగా తాకించి వినండి. ఫినాలిక్ బంతులది గట్టి, స్పష్టమైన చప్పుడు. పాలియెస్టర్ చప్పుడు కొంచెం మెత్తగా ఉంటుంది. కొన్ని నెలల ఆటకే ఒళ్లంతా సన్నటి గీతలు పడిపోయి ఉంటే అవి పాలియెస్టర్ కావడానికే అవకాశం ఎక్కువ. ఎటూ తేలకపోతే పాలియెస్టర్ అనుకునే శుభ్రం చేయండి. దానికి సరిపడే సున్నితమైన పద్ధతి ఫినాలిక్ బంతికి ఏ హానీ చేయదు.

స్నూకర్ పుట్టింది మనకు ఉత్తరాన ఉన్న జబల్‌పూర్‌లోనే, 1875లో, నెవిల్ చాంబర్లేన్ అనే సైన్యాధికారి చేతుల మీదుగా. అప్పట్లో బంతులు ఏనుగు దంతంతో చేసేవారు. వాతావరణం మారితే వాటి ఆకారం కూడా మారేది. ఇప్పటి రెజిన్ బంతికి ఆ బాధ లేదు, పైపొరను కాపాడుకుంటే చాలు.

మా ఇంట్లో ఉన్నది చిన్న టేబుల్, బంతులు కూడా చిన్నవి. పద్ధతి మారుతుందా?

మారదు. పూర్తి పరిమాణం బంతి 52.5 మి.మీ. ఉంటుంది. ఇళ్లలోని చిన్న టేబుళ్లకు 2 అంగుళాలవి, ఇంకా చిన్నవి కూడా వస్తాయి. వీటిలో చాలావరకు పాలియెస్టర్‌వే కాబట్టి రుద్దడంలో మాత్రం చెయ్యి తేలికగా ఉండాలి. అంకెలు పైన ముద్రించినవైతే వాటి మీద మెరుగు ద్రవం వాడకండి, అంకె చెరిగిపోతుంది.

ఎన్నాళ్లకొకసారి కడగాలి?

ఇంట్లో వారానికి రెండు మూడు రోజులు ఆడేవారు వారానికొకసారి మొత్తం సెట్ కడిగితే సరిపోతుంది. తెల్ల బంతిని మాత్రం ఆడిన ప్రతి రోజూ చూడాలి. క్యూ తగిలేది దానికొక్కదానికే కాబట్టి చాక్ అంతా ముందు దాని మీదే పడుతుంది, అక్కడి నుంచే మిగతా 21 బంతులకూ అంటుతుంది. తెల్ల బంతి శుభ్రంగా ఉన్నంతకాలం మిగతావి నెమ్మదిగానే మురికవుతాయి. ఎండాకాలంలో కిటికీలు తెరిచి, ఫ్యాను వేసుకుని ఆడే ఇళ్లలో వారం ఆగకుండా నాలుగైదు రోజులకే కడగడం మంచిది.

ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

రెండు ప్లాస్టిక్ బేసిన్లు, గిన్నెలు కడిగే ద్రవ సబ్బు, మూడు మైక్రోఫైబర్ గుడ్డలు, రెండు మందపాటి తువ్వాళ్లు. మైక్రోఫైబర్ గుడ్డలు కార్ల సామాను దుకాణంలో దొరుకుతాయి. అంచుకు గట్టి కుట్టు, మూల మీద చీటీ లేనివి ఎంచుకోండి, ఆ చీటీ కూడా గీత పెట్టగలదు. స్టీలు బేసిన్ వద్దు. అందులో బంతి జారిపడితే పెచ్చు లేవవచ్చు.

## కడిగేటప్పుడు

ముందు పొడి గుడ్డతో దుమ్ము దులిపి, తర్వాత కడిగితే తేలిక కదా?

ఇంకే ఊళ్లోనైనా ఈ ప్రశ్నకు అంత గట్టిగా వద్దనను. మన దగ్గర మాత్రం వద్దు. థర్మల్ కేంద్రపు బూడిదలో ప్రధానంగా ఉండేవి సిలికా, అల్యూమినా. సిలికా అంటే ఇసుకలో ఉండేదే. కంటికి మెత్తటి పౌడర్‌లా కనిపించే ఆ బూడిదలోని ఒక్కో రేణువూ బంతి పైపొరను గీయగలిగేంత గట్టిది. ఇప్పటి చాక్ కూడా బడిలో వాడే సుద్ద కాదు. అందులోనూ సిలికా, దానికి తోడు రాపిడి కోసం కలిపే గరుకు పొడి ఉంటాయి. వీటన్నిటి మీదా పొడి గుడ్డ వేసి నొక్కి తిప్పితే, శుభ్రం చేస్తున్నామనుకుంటూ బంతిని ఉప్పుకాగితంతో రుద్దుతున్నట్టే.

ఈ గీతలు ఒక్కరోజులో కనిపించవు. కొన్ని నెలలు గడిచాక బంతిని లైటు కింద పెడితే సాలెగూడు లాంటి సన్నటి గీతల వల కనబడుతుంది. ఆ గీతల్లో చాక్ ఇంకా ఎక్కువగా దిగుతుంది, దాన్ని వదిలించడానికి ఇంకా గట్టిగా రుద్దుతారు. అక్కడి నుంచి బంతికి మెరుపు నిలవదు.

అందుకని ముందు నీళ్లు, తర్వాతే గుడ్డ. బంతిని ఒట్టి నీళ్లలో ముంచి, వేళ్ల కొసలతో మెల్లగా తిప్పి, పైకి తీయండి. రుద్దవద్దు. ఆ బేసిన్‌ను పది నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తే అడుగున నల్లటి సన్నని రేణువులు తేరుకుని కనిపిస్తాయి. వాటిని నీళ్లు తీసుకుపోయాయి కాబట్టి గుడ్డ కింద నలగలేదు.

అసలు కడిగే పద్ధతి వరుసగా చెప్పండి.

నేల మీద చాప గానీ దుప్పటి గానీ పరిచి దాని మీద కూర్చోండి. సబ్బు తగిలిన బంతి చేతిలో నిలవదు. మొజాయిక్ నేల మీదో, షాబాద్ బండ మీదో పడితే పెచ్చు లేస్తుంది, దానికి మరమ్మతు లేదు. రెండు బేసిన్ల అడుగునా పాత తువ్వాలు పరిచి గోరువెచ్చని నీళ్లు పోయండి. మొదటి దానిలో ఏమీ కలపవద్దు. రెండో దానిలో సగం బకెట్ నీళ్లకు అర చెంచా ద్రవ సబ్బు చాలు.

నాలుగైదు బంతులను ఒకేసారి ఒట్టి నీళ్లలో వేసి, ఒక్కొక్కటీ చేత్తో తిప్పి దుమ్ము వదిలించండి. తర్వాత సబ్బు నీళ్లలోకి మార్చి, తడి మైక్రోఫైబర్ గుడ్డను అరచేతిలో పరుచుకుని, బంతిని అందులో పెట్టి రెండో చేత్తో అన్ని వైపులకూ తిప్పండి. నొక్కే బలం అక్కర్లేదు. బంతిని ఒకే దిక్కుకు తిప్పుతూ పోతే రెండు ధ్రువాల దగ్గర మురికి మిగిలిపోతుంది, అందుకే మధ్యలో పట్టు మార్చాలి. తెల్ల బంతిని చివరికి ఉంచి, దానికి మాత్రం కొత్త సబ్బు నీళ్లు తీసుకోండి.

ఆ తర్వాత ధారగా పడే శుభ్రమైన నీటి కింద సబ్బు పూర్తిగా పోయేదాకా కడగండి. వేలితో రాస్తే బంతి జిగురు లేకుండా కిర్రుమనాలి. వెంటనే పొడి గుడ్డతో తడి ఒత్తి, మందపాటి తువ్వాలు మీద నీడలో ఆరనివ్వండి. గంటసేపు ఆరాక ఇంకో పొడి గుడ్డతో తేలికగా తుడిస్తే పని పూర్తయినట్టే. మొత్తం 22 బంతులకు తీరిక ఉన్న ఒక ఉదయం సరిపోతుంది.

బాగా వేడినీళ్లు పోస్తే జిడ్డు త్వరగా పోదా?

జిడ్డు పోతుంది గానీ ఆ తొందర అవసరం లేదు. చెయ్యి హాయిగా పెట్టగలిగేంత వెచ్చదనం దాటవద్దు. మరిగే నీళ్లలో వేసిన బంతిని వెంటనే చన్నీటిలో వేస్తే పైపొరకూ లోపలికీ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా వచ్చి సన్నటి పగుళ్లకు దారితీయవచ్చు.

బోరు నీళ్లతో కడిగాక బంతుల మీద తెల్లటి చుక్కలు మిగులుతున్నాయి. అది సబ్బా?

సబ్బు కాదు, నీటిలోని లవణాలు. నీటి బొట్టు బంతి మీదే ఆరిపోతే నీరు ఆవిరై కాల్షియం, మెగ్నీషియం లవణాలు అక్కడే మిగిలిపోతాయి. బోరు నీళ్లతో కడగడంలో తప్పు లేదు. చివరి కడుగుడుకు మాత్రం ఫిల్టరు నీళ్లు వాడండి, ఒక చెంబెడు చాలు. అవి లేకపోతే బంతి దానంతట అది ఆరేదాకా ఆగకుండా వెంటనే తుడిచేయండి. ఇప్పటికే పడిన చుక్కలు ఫిల్టరు నీటితో తడిపిన గుడ్డకు సాధారణంగా పోతాయి. పోకపోతే ఒక కప్పు నీటిలో చెంచాడు వెనిగర్ కలిపి, గుడ్డతో ఆ చోట మాత్రమే అద్ది, వెంటనే మంచినీటితో కడిగేయండి.

మురికి మొండిగా ఉంది. రాత్రంతా నానబెట్టవచ్చా?

వద్దు. పది నిమిషాల్లో నానని మురికి పది గంటల్లోనూ నానదు. బంతికి ఎక్కడైనా వెంట్రుకవాసి పగులు ఉంటే మాత్రం నీరు లోపలికి చేరుతుంది.

కుంకుడు రసం, చింతపండు, నిమ్మకాయ, వంటసోడా, బూడిద... ఇంట్లో ఉన్నవాటితో కడగకూడదా?

పొయ్యి బూడిద అసలు వద్దు, అది నేరుగా గీతలు పెడుతుంది. వంటసోడాలోనూ గరుకు పలుకులుంటాయి. చింతపండు, నిమ్మకాయ పనిచేసేది ఇత్తడి, రాగి మీద. అక్కడ లోహపు చిలుమును వాటి పులుపు కరిగిస్తుంది. బంతి మీద ఉన్నది చిలుము కాదు కాబట్టి పులుపుకు అక్కడ పని లేదు. కుంకుడు రసం వీటన్నిటిలో నయం. బాగా వడగట్టి, పలుచగా చేసి వాడితే జిడ్డు తీస్తుంది. పిప్పి, పెంకు ముక్కలు ఒక్కటి కూడా లేకుండా చూసుకోవాలి, ఆ తర్వాత రెండు మూడుసార్లు మంచినీటితో కడగాలి.

టూత్‌పేస్ట్‌తో రుద్దితే మెరిసిపోతుందని చెబుతున్నారు. నిజమేనా?

మొదటిసారి మెరుస్తుంది. టూత్‌పేస్ట్‌లో పళ్ల మీది పాచిని గీరి తీసే పొడి ఉంటుంది, అదే బంతి మీద పాత మురికినీ గీరేస్తుంది. దాంతో పాటు పైపొరనూ కొంచెం తీసుకుపోతుంది. ఆ పొడి ఎంత గరుకో ఒక్కో పేస్ట్‌ది ఒక్కో రకం. వారంవారం రుద్దితే బంతి మసకబారుతుంది. దయచేసి చేయకండి.

బ్లీచింగ్, శానిటైజర్, థిన్నర్, కిరోసిన్‌లలో ఏదైనా పనికొస్తుందా?

ఏదీ పనికిరాదు. బ్లీచింగ్, బట్టల సోడా లాంటి ఘాటు క్షారాలకు ఫినాలిక్ రెజిన్ తట్టుకోలేదు, మెరుపు చచ్చిపోతుంది. థిన్నర్, గోళ్లరంగు తీసే ద్రవం పాలియెస్టర్ బంతి పైపొరను తినేస్తాయి. కిరోసిన్ జిడ్డును తీసినట్టే తీసి తనదైన నూనె పొరను వదిలిపోతుంది, అది టేబుల్ బట్టకూ అంటుతుంది. జెల్ శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది. అది ఆరాక మిగిలే జిగురుకు చాక్ ఇంకా బాగా పడుతుంది.

వాషింగ్ మెషిన్‌లో గానీ గిన్నెలు కడిగే యంత్రంలో గానీ వేయవచ్చా?

రెండూ వద్దు. మొదటిదానిలో బంతులు ఒకదానికొకటి కొట్టుకుని పెచ్చులు లేస్తాయి, డ్రమ్మూ పాడవుతుంది. రెండోదానిలో వాడే పొడి ఘాటైన క్షారం, పైగా నీళ్లు మరీ వేడి.

ఎంత కడిగినా తెల్ల బంతి మీద నీలం చుక్కలు పోవడం లేదు.

క్యూ గట్టిగా తగిలిన చోట చాక్ సన్నటి గుంటల్లోకి కూరుకుపోతుంది. సబ్బు నీటిలో తడిపిన గుడ్డను ఆ చుక్క మీద రెండు నిమిషాలు ఉంచి, బొటనవేలితో చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. గోటితో గీరవద్దు, స్టీలు పీచు దగ్గరికే రానివ్వవద్దు. అప్పటికీ పోకపోతే బంతుల కోసం తయారుచేసిన క్లీనర్ రెండు చుక్కలు వేసి అదే విధంగా రుద్దండి. దానికీ లొంగని చుక్క ఆటకు అడ్డమేమీ కాదు, ఉండనివ్వండి.

చెమటకు చేతికి పౌడర్ రాసుకుంటాం. అదీ బంతులకు అంటుతుందా?

అంటుతుంది. క్యూ సాఫీగా జారడానికి రాసుకునే టాల్కం పౌడర్ బట్ట మీద రాలుతుంది, బంతి దాని మీద దొర్లి తెల్లటి మసక పూసుకుంటుంది. చెమట, తలనూనె కూడా కలిస్తే అదొక పేస్టులా పట్టుకుంటుంది. పౌడర్ బదులు, టేబుల్ మీద ఆనించి క్యూను జార్చే చేతికి వేసుకునే మూడు వేళ్ల తొడుగు వాడితే బంతులకూ బట్టకూ మేలు. మిర్చి బజ్జీలు, సమోసాలు తిన్నాక చేతులు సబ్బుతో కడుక్కుని ఆరబెట్టుకున్నాకే బంతులు ముట్టుకోవాలని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

## మెరుగు పెట్టేటప్పుడు

కడిగిన ప్రతిసారీ మెరుగు పెట్టాలా?

అక్కర్లేదు. మంచి ఫినాలిక్ బంతికి మెరుపు దాని సొంతం, మనం పూసేది కాదు. మురికి పోతే మెరుపు తనంతట అదే బయటపడుతుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక పొడి మైక్రోఫైబర్ గుడ్డలో ఒక్కో బంతినీ అర నిమిషం తిప్పండి. నెలల తరబడి అదే చాలు. అప్పటికీ లైటు గీత మసకగానే కనిపిస్తే మెరుగు ద్రవం గురించి ఆలోచించవచ్చు.

బంతుల క్లీనర్, రెస్టోరర్ అని రెండు సీసాలు అమ్ముతున్నారు. ఏది కొనాలి?

మామూలుగా వాడుకునే బంతులకు క్లీనర్. రెస్టోరర్ ఇంకా గరుకైనది, చాలాకాలం పట్టించుకోక మసకబారిపోయిన బంతులను మళ్లీ దారికి తెచ్చేందుకు చేసినది. పాత సెట్ చేతికి వచ్చినప్పుడు ఒకసారి రెస్టోరర్, ఆ తర్వాత నుంచి క్లీనర్. ఏదైనా సరే, ముందు బంతిని కడిగి ఆరబెట్టాకే వాడండి. దుమ్ము ఉండగా రాస్తే ఆ దుమ్మునే మెరుగు ద్రవంలా రుద్దినట్టవుతుంది. బఠానీగింజంత ద్రవం ఒక బంతికి ఎక్కువే. అది ఆరి తెల్లటి పొర కట్టాక వేరే శుభ్రమైన గుడ్డతో పూర్తిగా తీసేయాలి. చాలామంది ఈ తీసేయడం దగ్గరే తొందరపడతారు. మిగిలిపోయిన పొర ఆ సాయంత్రమే టేబుల్ బట్టకు అంటుతుంది.

కారు పాలిష్, మైనం పూస్తే అద్దంలా మెరుస్తుంది కదా?

మెరుస్తుంది, ఆట చెడుతుంది. కారు పాలిష్‌లలో చాలావాటిలో మైనం గానీ సిలికాన్ గానీ ఉంటుంది. అది బంతి మీద జారే పొరగా మిగిలిపోతుంది. అలాంటి బంతి దొర్లడానికి ముందు బట్ట మీద ఎక్కువ దూరం జారుతుంది, కుషన్‌కు (టేబుల్ అంచు వెంట ఉండే రబ్బరు గట్టు) తగిలి వచ్చే కోణం మారుతుంది. క్యూ కొసన ఉన్న తోలు టిప్‌కు కూడా పట్టు దొరకదు. పైగా ఆ పొరకు దుమ్ము, చాక్ త్వరగా అంటుకుంటాయి. ఇప్పటికే పూసి ఉంటే గోరువెచ్చని సబ్బు నీటితో రెండుమూడుసార్లు కడగాలి.

డ్రిల్లు యంత్రానికి మెత్తటి ప్యాడ్ బిగించి మెరుగు పెట్టవచ్చా?

బంతి ఒక చేతిలో, డ్రిల్లు ఇంకో చేతిలో పట్టుకుని మాత్రం చేయకండి. ప్యాడ్ బంతిని లాక్కుంటే అది రాయిలా ఎగిరిపోతుంది. ఎదురుగా ఎవరి ముఖం ఉందో మనం ఎంచుకోలేం. రెండో ప్రమాదం వేడి. ప్యాడ్ ఒకే చోట నిలిస్తే పైపొర వేడెక్కి అక్కడ మసక మచ్చ పడుతుంది, ఒకే వైపు ఎక్కువ అరిగితే గుండ్రదనమూ పోతుంది.

చేతిపని తెలిసిన కొందరు ప్లాస్టిక్ బకెట్ అడుగున తిరిగే ప్యాడ్ అమర్చి, గోడలకు మెత్తటి కార్పెట్ అంటించి, బంతులను వాటంతట అవే దొర్లేలా చేసుకుంటారు. స్నూకర్ పార్లర్లలో వాడే యంత్రాల పద్ధతి కూడా దాదాపు ఇదే. బంతి తనంతట తాను అన్ని వైపులకూ తిరుగుతుంది కాబట్టి సమానంగా మెరుగవుతుంది. ఇంట్లో ఒక్క సెట్ ఉన్నవారికి మాత్రం ఇంత ఏర్పాటు అక్కర్లేదని నా అభిప్రాయం. చేత్తో చేస్తే ప్రతి బంతినీ దగ్గరగా చూస్తాం, పగుళ్లు ముందే కంటపడతాయి.

తెల్ల బంతి పసుపెక్కింది. మళ్లీ తెల్లబడుతుందా?

పూర్తిగా కాదు. ఫినాలిక్ రెజిన్ వెలుతురుకు, గాలికి ఏళ్ల తరబడి గురైతే పసుపు తిరగడం దాని స్వభావం. పైన పట్టిన జిడ్డు వల్ల వచ్చిన పసుపైతే సబ్బుకే పోతుంది. రెజిన్‌దే అయితే రెస్టోరర్‌తో పైపొర కొంత తీస్తే ఒక ఛాయ తగ్గుతుంది, అంతే. బ్లీచింగ్‌లో నానబెట్టే ప్రయత్నం చేయకండి, మెరుపు పోతుంది తప్ప తెలుపు రాదు. పసుపెక్కినంత మాత్రాన బంతి ఆటకు పనికిరాకుండా పోదు. మీ నాన్నగారో తాతగారో ఆడిన సెట్ అయితే ఆ ఛాయతోనే ఉంచుకోమంటాను.

గీతలు, చిన్న సొట్టలు మెరుగుతో పోతాయా?

గోరు పెట్టి రాస్తే తగలనంత సన్నటి గీతలు చాలావరకు పోతాయి. గోటికి తగిలేవి పోవు. సొట్టలోకి, పెచ్చులోకి జిగురు నింపడం, ఉప్పుకాగితంతో అరగదీయడం వంటివి చేయకండి. పోటీ నియమాల ప్రకారం బంతి వ్యాసం 52.5 మి.మీ.కు 0.05 మి.మీ. కంటే అటూ ఇటూ కాకూడదు. చేత్తో అరగదీసి ఆ ఖచ్చితత్వం తేలేం.

శుభ్రం చేశాక నా గురే తప్పుతోంది. ఏదైనా పాడుచేశానా?

పాడు కాలేదు. ఇన్నాళ్లూ మురికి బంతుల రాపిడికి మీ కన్ను అలవాటు పడింది. ఇప్పుడు రాపిడి తగ్గింది కాబట్టి పలుచగా తగిలించిన బంతి వెనకటికంటే కాస్త ఎక్కువ పక్కకు పోతోంది. కొంచెం మందంగా తగిలించి చూడండి, కొన్ని ఆటల్లో కుదురుకుంటుంది. అలాకాక బంతి బట్ట మీద మరీ జారుతున్నట్టుంటే మెరుగు ద్రవం పొర మిగిలిపోయి ఉండవచ్చు. ఒకసారి సబ్బు నీటితో కడిగేయండి.

## దాచుకోవడం, చూసుకోవడం

మే నెల ఎండల్లో బంతులు ఎక్కడ పెట్టాలి?

నీడలో, గది ఉష్ణోగ్రతలో, మూత ఉన్న డబ్బాలో. కిటికీ అరుగు మీద, డాబా గదిలో, ఆపి ఉంచిన కారులో వద్దు. 45 డిగ్రీల ఎండలో మూసిన కారు లోపలి వేడి బయటికంటే చాలా ఎక్కువ. కూలర్ ముందు కూడా పెట్టకండి. ఆ గాలిలోని తేమ బంతి మీద పల్చగా చేరి దుమ్మును పట్టి ఉంచుతుంది. ఎండలో తిరిగి వచ్చిన బంతులైతే ఆడే ముందు ఒక గంటైనా గదిలో ఉండనివ్వాలి.

వానాకాలంలో డబ్బా తెరిస్తే ముక్క వాసన వస్తోంది.

బూజు బంతికి కాదు, డబ్బాలోని స్పాంజికి, అట్టకు పడుతుంది. బంతులు తీసి కడిగి, డబ్బాను ఎండ కాసిన పూట తెరిచి ఆరబెట్టండి. బూజు పట్టిన స్పాంజి తీసేసి పాత బనియన్ గుడ్డ పరుచుకోవచ్చు. మందుల సీసాల్లో, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి, రెండుమూడు అందులో వేయండి. కర్పూరం, కలరా ఉండలు మాత్రం వద్దు.

బంతులు శుభ్రంగా ఉన్నా వెంటనే మురికవుతున్నాయి. ఎందుకు?

టేబుల్ బట్టలో చాక్, బూడిద నిండి ఉన్నాయి. బంతి దొర్లిన ప్రతిసారీ వాటిని మళ్లీ పూసుకుంటుంది. బట్టను బ్రష్‌తో ఎప్పుడూ ఒకే దిక్కుకు దువ్వాలి, ఆట మొదలుపెట్టే చివర నుంచి నల్ల బంతి ఉండే చివర వైపుకు. బట్ట నూగు ఆ దిక్కుకే ఉంటుంది. ఎదురు దువ్వితే నూగు లేచి బంతుల వేగం చెడుతుంది. ఆ తర్వాత అంచుల దగ్గర, కుషన్ల కింద చేరిన పొడిని వాక్యూమ్‌తో తక్కువ వేగంలో తీయండి. ఆడని వేళ టేబుల్ మీద దుప్పటి కప్పి ఉంచితే సగం పని తగ్గుతుంది, ముఖ్యంగా బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క ఇళ్లలో. చాక్ వేసుకునేటప్పుడు క్యూను టేబుల్‌కు దూరంగా పట్టుకోండి.

తెల్ల బంతి ఒక్కటే కొత్తది కొంటే సరిపోతుందా, సెట్ మార్చాలా?

తెల్ల బంతి అన్నిటికంటే ముందు అరుగుతుంది. అరిగితే బరువూ తగ్గుతుంది. నియమాల ప్రకారం ఒక సెట్‌లో అన్నిటికంటే బరువైన బంతికీ తేలికైన బంతికీ తేడా 3 గ్రాములు దాటకూడదు. తెలిసిన నగల దుకాణంలో అడిగితే త్రాసు మీద 22 బంతులూ తూచుకోనిస్తారు, తువ్వాలులో చుట్టి తీసుకెళ్లండి. మిగతావి బాగుండి తెల్లది ఒక్కటే తగ్గితే అదొక్కటే మార్చండి, అదే కంపెనీ, అదే రకం చూసుకుని. వేరే రకం తెచ్చి కలిపితే బంతిని వెనక్కి లాగే దెబ్బలు, ముందుకు తోసే దెబ్బలు రెండూ లెక్క తప్పుతాయి. చాలా బంతులు తేలికై ఉంటే సెట్ మార్చడమే మేలు. ఏ బంతికైనా పగులు కనిపిస్తే బరువుతో పని లేదు, వెంటనే పక్కన పెట్టేయండి. గట్టి దెబ్బకు అది విరిగితే ముక్క కంటికి తగలవచ్చు.

ఆట మధ్యలో బంతి మీద చాక్ మరక కనిపిస్తే తీసి తుడవవచ్చా?

పోటీలో ఆటగాడు సొంతంగా బంతిని ముట్టుకుంటే ఫౌల్. రెఫరీని అడగాలి. ఆయన ముందు బంతి ఉన్న చోటును గుర్తు పరికరంతో పెట్టుకుని, తీసి తుడిచి, అదే చోట ఉంచుతారు. ఇంట్లో ఆడేటప్పుడు ఎదుటివారిని అడిగి, వారి ఎదుటే చేయండి. గుర్తు పరికరం లేకపోతే రెండు చాక్ ముక్కలను బంతికి ఆనీ ఆననట్టు చెరో వైపు లంబంగా పెడితే చోటు తప్పదు. బంతిని తడిపి పిండిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో అద్ది, అక్కడే పెట్టండి. పార్లర్‌లో అయితే ‘అన్నా, తెల్ల బంతి ఒకసారి తుడిచి ఇవ్వండి’ అని అడగడానికి మొహమాటపడకండి. నడిపేవారు ఇచ్చే గుడ్డ నల్లగా మారి ఉంటే మాత్రం వద్దని మర్యాదగా చెప్పి, మీ సంచిలోని మైక్రోఫైబర్ గుడ్డను నీటితో తడిపి వాడుకోండి.